మౌంటెన్ బైక్ ఫ్రేమ్ పగిలితే వారంటీలో కొత్తది రాబట్టుకోవడం: సమస్య - పరిష్కారం

ఫ్రేమ్ మీద సన్నటి గీత కనపడగానే ముందు తొక్కడం ఆపేయండి. అల్యూమినియంలో మొదలైన పగులు ఎప్పుడు పూర్తిగా తెగుతుందో ఎవరూ చెప్పలేరు. హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద, ముందు ఫోర్క్ దూరే గొట్టం) దగ్గర తెగితే హ్యాండిల్ చేతిలో ఉంటుంది, ముందు చక్రం విడిగా పోతుంది. ఆ తర్వాత, ఫ్రేమ్‌ని ఎలా ఉందో అలాగే ఉంచండి. ఇసుక కాగితంతో గీకడం, వెల్డింగ్ చేయించడం, పైన రంగు పూయడం... వీటిలో ఏది చేసినా గట్టి క్లెయిమ్‌ని మన చేతులతో మనమే పాడుచేసుకున్నట్టు.

సమస్య: తొక్కుతుంటే కిర్రుమంటోంది, పగులు మాత్రం కనపడట్లేదు

చాలాసార్లు శబ్దం వచ్చేది ఫ్రేమ్ నుంచి కాదు. పెడల్స్, సీట్‌పోస్ట్ (సీటు కింది కడ్డీ), బాటమ్ బ్రాకెట్ (పెడల్ చేతులు తిరిగే బేరింగు), డిరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే డిరైలర్‌ని పట్టుకునే చిన్న ముక్క), వెనక సస్పెన్షన్ బోల్టులు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. సీటు మీంచి లేచి నిలబడి తొక్కినప్పుడు శబ్దం ఆగిపోతే సీటు, సీట్‌పోస్ట్ వైపు చూడండి. ఒక్కో భాగాన్ని విప్పి, తుడిచి, గ్రీజు రాసి, టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంతే బిగించండి. కార్బన్ ఫైబర్ భాగాలున్న చోట గ్రీజు బదులు కార్బన్ పేస్ట్ వాడాలి. అన్నీ అయ్యాక కూడా శబ్దం పోకపోతే అప్పుడు ఫ్రేమ్‌ని అనుమానించాలి.

సమస్య: గీత ఉంది, పగులో రంగు మీద గీతో తేలట్లేదు

ఆ చోటంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడవండి. గది లైటు ఆర్పి, టార్చ్‌ని ఏటవాలుగా పట్టి చూడండి. నిజమైన పగులైతే సన్నటి నీడ పడుతుంది, గోరు అడ్డంగా లాగితే తగులుకుంటుంది. అల్యూమినియం ఫ్రేములో పగులు ఎక్కువగా వెల్డ్ అంచు వెంబడే నడుస్తుంది. అక్కడ గీత ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. మట్టి తుడిచిన కాసేపటికే గీతలోంచి మళ్లీ సన్నగా నల్లటి తడి బయటికొస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

పగుళ్లు పట్టడానికి ఎర్ర డై ద్రావణం వాడే పరీక్ష ఒకటుంది. రంగు ఉండగా చేస్తే పెయింట్ చీలిక కూడా ఎర్రగానే కనిపిస్తుంది. కాబట్టి దాన్ని రంగు తీసి పరీక్షించే కంపెనీవాళ్లకే వదిలేయండి, మీరు గీకొద్దు. కార్బన్ ఫ్రేమ్ అయితే నాణెంతో మెల్లగా తడుతూ వెళ్లండి. బాగున్న చోట గట్టిగా మోగుతుంది, లోపల పొరలు విడిపోయిన చోట మందంగా వినిపిస్తుంది. అయితే ట్యూబ్ మందం మారే చోట కూడా శబ్దం మారుతుంది. అందుకే అదే చోటిని కుడి ఎడమలు రెండు వైపులా తట్టి పోల్చుకోవాలి.

సమస్య: పగులు ఖాయం. తప్పు ఫ్రేమ్‌దా, వాడకందా?

క్లెయిమ్ మొత్తం తేలేది ఇక్కడే. పరీక్షించేవాళ్లు ముందు చూసేది పగులు ఎక్కడుంది, దాని చుట్టూ ఏముంది అనే.

డౌన్ ట్యూబ్ (హెడ్ ట్యూబ్ నుంచి పెడల్స్ దాకా దిగే గొట్టం) కింది వైపు, హెడ్ ట్యూబ్‌కి కాస్త వెనక, వేలు పెట్టి నిమిరి చూడండి. అక్కడ ముడత లాగానో, ఉబ్బు లాగానో తగిలితే బైక్ ఎదురుగా దేన్నో గట్టిగా గుద్దిందని అర్థం. మెకానిక్ చెయ్యి ముందు పోయేది కూడా అక్కడికే. వారంటీ తయారీ లోపానికే తప్ప ప్రమాదానికి వర్తించదు. ముడత లేకుండా, ట్యూబ్ నున్నగా ఉండి, వెల్డ్ అంచున మాత్రమే గీత ఉంటే అది ఎక్కువగా లోహం అలసిపోయి వచ్చిన పగులు. స్టీలుకి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు లోపలి ఒత్తిడి ఎన్నిసార్లు పడినా తట్టుకుంటుంది. అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు. చిన్న ఒత్తిళ్లు కూడా లెక్కలోకి చేరుతూనే ఉంటాయి. దాన్ని దృష్టిలో పెట్టుకుని చాలినంత మందంగా ఫ్రేమ్ చేయాల్సింది తయారీదారే. అందుకే ఈ రకం పగులుకి వారంటీ అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

సీట్ ట్యూబ్ (సీట్‌పోస్ట్ దూరే గొట్టం) పైభాగంలో పగిలితే సీట్‌పోస్ట్ ఎంత లోపలికి ఉందో అడుగుతారు. పోస్ట్ కనీసం ఎంతవరకు లోపల ఉండాలో చూపే గీత దాని మీద ఉంటుంది, అది పోస్ట్ తయారుచేసినవాళ్లది. ఫ్రేమ్ కంపెనీలు చాలావరకు దానికి మించి అడుగుతాయి, పోస్ట్ కింది కొస టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై అడ్డ గొట్టం) కలిసే చోటు దాటి కిందికి ఉండాలంటాయి. కాబట్టి పోస్ట్‌ని కదిలించకముందే ఫ్రేమ్ అంచు దగ్గర టేపు అంటించి ఫొటో తీయండి. తర్వాత బయటికి తీసి, టేపు నుంచి కొస వరకు స్కేలు పెట్టి ఇంకో ఫొటో తీయండి. ఈ రెండు ఫొటోలూ ఉంటే వాదనకి తావుండదు.

వెనక సస్పెన్షన్ పివట్ (కదిలే కీలు) దగ్గర పగిలితే బోల్టులు వదులుగా ఉన్నాయా అని చూస్తారు. సర్వీసు చేయించిన బిల్లులు ఉంటే జత చేయండి.

సమస్య: బిల్లు లేదు, లేదా బైక్ సెకండ్ హ్యాండ్‌ది

బిల్లు పోతే కంగారు పడక్కర్లేదు. బాటమ్ బ్రాకెట్ కింద ఉండే సీరియల్ నంబరుతో అమ్మిన షాపువాళ్ల రికార్డులో వెతకమనండి. బ్యాంకు స్టేట్‌మెంట్, ఆర్డర్ ఈమెయిల్ కూడా పనికొస్తాయి. సెకండ్ హ్యాండ్ అయితే కొంచెం కష్టం. ట్రెక్, స్పెషలైజ్డ్, శాంటా క్రూజ్ లాంటి కంపెనీల జీవితకాల ఫ్రేమ్ వారంటీ మొదటి యజమానికే. అయినా రాసి అడగండి. క్రాష్ రీప్లేస్‌మెంట్ పేరుతో తగ్గింపు ధరకి ఫ్రేమ్ ఇచ్చే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది.

సమస్య: క్లెయిమ్ పంపాను, జవాబు నానుతోంది

ఎక్కువగా ఇది మొదటి మెయిల్‌లో సమాచారం చాలక జరిగేదే. వాళ్లు ఒక ఫొటో అడగడం, మీరు పంపడం, మళ్లీ ఇంకొకటి అడగడం, ఇలా వారాలు గడిచిపోతాయి. భాగాలు విప్పకముందే బైక్ మొత్తం చైన్ వైపు నుంచి ఒకటి, పగులు ఏ ట్యూబ్ మీద ఉందో తెలిసేలా కాస్త దూరం నుంచి ఒకటి, స్కేలు పక్కన పెట్టి దగ్గరగా ఒకటి, సీరియల్ నంబరు, బిల్లు. ఇవన్నీ ఒకేసారి పంపండి. కొన్న షాపు ద్వారా వెళ్తే పని త్వరగా అవుతుంది, కంపెనీ ఏజెంటుతో మాట్లాడే దారి వాళ్లకు తెలుసు.

మెయిల్ పొడవు అక్కర్లేదు. "ఫలానా తేదీన కొన్నాను. నిన్న కడుగుతుంటే చైన్ స్టే వెల్డ్ దగ్గర గీత కనిపించింది. ఫోర్క్, షాక్ బైక్‌తో వచ్చినవే. ఫొటోలు జత చేశాను. తర్వాత ఏం చేయాలో చెప్పగలరు" అంటే చాలు. కోపం, బెదిరింపు మొదటి మెయిల్‌లో వద్దు. బైక్ ఎప్పుడైనా పడి ఉంటే అదీ రాయండి. చైన్ స్టే లాంటి వెనక భాగంలో వచ్చిన వెల్డ్ పగులుకి, ఎప్పుడో పక్కకి ఒరిగి హ్యాండిల్ గీసుకుపోయినదానికి సంబంధం లేదని చూసేవాళ్లకు అర్థమవుతుంది. దాచినది ఫొటోలో బయటపడితే మిగతా మాటలు కూడా నమ్మరు.

సమస్య: రిజెక్ట్ చేశారు

"వారంటీ వర్తించదు" అనే ఒక్క ముక్కతో ఊరుకోవద్దు. ఏ నిబంధన కింద, ఏం చూసి అలా నిర్ణయించారో రాతపూర్వకంగా అడగండి. సాధారణంగా చెప్పే కారణాలు మూడు: ప్రమాదం, కంపెనీ అనుమతించినదానికంటే పొడవైన ఫోర్క్ వేయడం, బైక్‌ని దాని స్థాయికి మించి వాడటం. మూడోదానికి ఆధారం చాలా ఫ్రేముల మీద ఉండే వాడకం స్టిక్కర్. బైక్‌లను వాడకాన్ని బట్టి తరగతులుగా విడదీసే ఏఎస్‌టీఎం ఎఫ్2043 ప్రమాణంలో 3వ తరగతి బైక్‌కి సుమారు 61 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దూకించడం వరకు, 4వ తరగతికి 122 సెంటీమీటర్ల వరకు హద్దు. మీది ఏ తరగతో చూసుకుని, ఆ హద్దులోనే తొక్కి ఉంటే అదే చెప్పి, పైస్థాయిలో మళ్లీ పరిశీలించమని కోరండి. చదవాల్సింది మీరు కొన్న ఏడాది నాటి వారంటీ పత్రం, ఇప్పుడు కంపెనీ సైట్లో ఉన్నది కాకపోవచ్చు. అప్పటికీ కాదంటే క్రాష్ రీప్లేస్‌మెంట్ అడగండి. 6061 రకం అల్యూమినియం ఫ్రేమ్‌ని వెల్డ్ చేయించి వాడమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. వెల్డ్ వేడికి ఆ చోట లోహం మెత్తబడుతుంది, తిరిగి బలం రావాలంటే మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేయాలి.

సమస్య: కొత్త ఫ్రేమ్ ఇస్తామన్నారు, పాత భాగాలు పట్టట్లేదు

పాత మోడల్ స్టాకులో లేకపోతే కొత్త మోడల్ ఇస్తారు. అప్పుడు కొలతలు మారిపోతాయి. మీ వెనక హబ్ (చక్రం మధ్య భాగం) వెడల్పు 142 మిల్లీమీటర్లు, కొత్త ఫ్రేమ్‌కి కావాల్సింది 148 కావచ్చు. సీట్‌పోస్ట్ వ్యాసం 30.9 నుంచి 31.6 మిల్లీమీటర్లకి మారవచ్చు. బాటమ్ బ్రాకెట్ మరలదా, నొక్కి దించే ప్రెస్‌ఫిట్‌దా, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) ఏ సైజు, షాక్ పొడవెంత, ఇవన్నీ "సరే" అనకముందే అడిగి మీ భాగాలతో సరిచూసుకోండి. పట్టని భాగాల విషయంలో ఏం చేస్తారని అప్పుడే అడగాలి. ఫ్రేమ్ ఇంటికొచ్చాక అడిగితే మాటకి అంత బరువుండదు. వెనక యాక్సిల్, హ్యాంగర్, సీట్ క్లాంప్, షాక్ బోల్టులు ఫ్రేమ్‌తో వస్తాయో లేదో తెలుసుకోండి. బిగింపు కూలీ చాలా వారంటీల్లో ఉండదు, రంగు ఎంపిక కూడా మన చేతిలో ఉండదు.

సమస్య: పాత ఫ్రేమ్‌ని కోసేయమంటున్నారు

ఇది మామూలే. పగిలిన ఫ్రేమ్ మళ్లీ ఎవరి చేతిలోనో రోడ్డెక్కకూడదని కొన్ని కంపెనీలు సగానికి కోసి ఫొటో పంపమంటాయి. క్లెయిమ్ ఆమోదించినట్టు, కోయమన్నట్టు రాతలో వచ్చేదాకా రంపం పట్టొద్దు. కోసేముందు హెడ్‌సెట్ కప్పులు, బాటమ్ బ్రాకెట్, హ్యాంగర్, కేబుల్ క్లిప్పులు విప్పి దాచుకోండి.

కొత్త ఫ్రేమ్ సీరియల్ నంబరుని మీ పేరున నమోదు చేయించి, పాత బిల్లుతో పాటు మార్పిడి కాగితాన్ని కూడా భద్రపరచండి. చాలా కంపెనీలు మిగిలిన వారంటీని మొదట కొన్న తేదీ నుంచే లెక్కేస్తాయి.