ఆఫీసులో లైంగిక వేధింపులపై ఫిర్యాదు: ఎవరికివ్వాలి, ఎప్పటిలోగా, ఏం రాయాలి

"హెచ్‌ఆర్ మేడమ్‌కి చెప్పాను, చూస్తామన్నారు" అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. నోటిమాటతో విచారణ మొదలుకాదు. పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి, అదీ ఘటన జరిగిన మూడు నెలల్లోపు. పదేపదే జరిగితే ఆఖరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. ఆలస్యానికి సరైన కారణం చూపితే, ఫిర్యాదును విచారించే కమిటీ ఇంకో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు, పెంచి తీరాలని మాత్రం లేదు. "చూస్తాం" అన్నవాళ్లకు పోయేదేమీ లేదు, పోయేది మీ గడువే.

పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ ఉద్యోగిని దానికి అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటి వ్యక్తి. కమిటీ వేసిన ఉత్తర్వును అందరికీ కనబడేచోట అంటించాలి. పదిమంది లేని షాపులో, క్లినిక్‌లో పనిచేస్తున్నా, వేధించింది యజమానే అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లకూ అదే దారి. ఎక్కడుందో తెలియకపోతే జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయంలో అడగండి. కేంద్రం నడిపే షీ-బాక్స్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు, ప్రైవేటు ఉద్యోగులు కూడా.

ఇక రాయడం. అసలు బలమంతా ఇక్కడే. "నాతో అసభ్యంగా ప్రవర్తించాడు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. "ఫలానా తేదీన సాయంత్రం ఆరున్నరకి స్టాక్ రూములో ఫైలు ఇస్తూ చెయ్యి పట్టుకున్నాడు. వదలమంటే, నీ కన్ఫర్మేషన్ నా సంతకంతోనే కదా అన్నాడు" అని రాయండి. అతనన్న మాట బూతైనా సరే, ఉన్నదున్నట్టు రాయాలి. చదివేవాళ్లు ఇబ్బంది పడతారేమోనని మీరు మొహమాటపడనక్కర్లేదు. వాట్సాప్ మెసేజులు అసహ్యమేసినా డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి జతచేయండి. చూసినవాళ్లుంటే పేర్లు, చిరునామాలు ఇవ్వండి. సాక్షి లేరని ఫిర్యాదు మానుకోవద్దు. నిబంధనల ప్రకారం ఆరు ప్రతులు ఇవ్వాలి. ఏడోది మీ దగ్గరే ఉంచుకుని, దానిమీద తేదీతో సంతకమో ముద్రో వేయించుకోండి. రాయడం రాకపోతే రాసిపెట్టడంలో కమిటీవాళ్లే సాయం చేయాలి.

అదే కవరులో ఇంకో కాగితం పెట్టండి: విచారణ ముగిసేదాకా మీకేం కావాలో. మామూలు సెలవులకు అదనంగా మూడు నెలల వరకు సెలవు అడగవచ్చు, మీ అప్రైజల్ అతను రాయకుండా చూడమని అడగవచ్చు. బదిలీ ఇద్దరిలో ఎవరికైనా చేయవచ్చని చట్టంలో ఉంది. కాబట్టి అతన్నే మార్చమని స్పష్టంగా రాయండి, లేకపోతే కదిలేది మీ సీటే.

కమిటీ ఏడు పనిదినాల్లో అవతలి వ్యక్తికి ఒక ప్రతి పంపాలి, అతను పది పనిదినాల్లో జవాబివ్వాలి. లాయర్లను రానివ్వరు. 90 రోజుల్లో విచారణ పూర్తి కావాలి. రాజీ ప్రయత్నం మీరు కోరితేనే, అదీ డబ్బు మీద కుదరకూడదు. "పిల్లలున్నవాడమ్మా, సర్దుకో" అని ఎవరైనా ఒత్తిడి చేస్తే అది రాజీ కాదు, దాన్నీ కమిటీకి రాతలోనే చెప్పండి. రుజువు కాకపోతే మీమీదే చర్య తీసుకుంటారన్న బెదిరింపూ వినబడుతుంది. కావాలని అబద్ధపు ఫిర్యాదు చేశారనో, నకిలీ పత్రాలు ఇచ్చారనో తేలితేనే చర్య. నిరూపించలేకపోవడం ఒక్కటే అందుకు చాలదని చట్టంలోనే ఉంది.

పోలీసుల దగ్గరికి వెళ్లడానికి ఇదేమీ అడ్డు కాదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. మీరు కోరితే యాజమాన్యం అందుకు సాయపడాలి.

విచారణ ముగిసిన పది రోజుల్లో నివేదిక యాజమాన్యానికి చేరాలి, మీకూ ఇవ్వాలి. సిఫార్సులపై 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. మీకు నచ్చకపోతే అప్పీలుకు 90 రోజుల గడువు.