ఇంటి వైఫై, 3వ పాఠం: పాత రౌటర్‌కి మేడ మీద ఉద్యోగం

పోయిన పాఠంలో ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగి, సిగ్నల్ ఎక్కడ పడిపోతోందో రాసుకోమన్నాను. చాలామందికి అది మేడ మీది గదే అయ్యుంటుంది. ఇనుప చువ్వల కాంక్రీటు స్లాబ్ దాటాలంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి ప్రాణం మీదికొస్తుంది. 2.4 కాస్త నయం.

అటక మీద పాత రౌటర్ ఉంటే దించండి. దాన్ని మేడ మీద పెట్టి, కింది రౌటర్‌కి కేబుల్‌తో కలుపుదాం. కేబుల్ లేకుండా రిపీటర్‌గానూ పెట్టుకోవచ్చు. కానీ విన్న మాటను అదే బ్యాండ్ మీద మళ్లీ చెప్పాలి కనుక వేగం దాదాపు సగమవుతుంది. గోడకు బెజ్జం కొట్టడానికి ఇంట్లో ఒప్పుకుంటే కేబులే మేలు. క్యాట్ 6 గానీ క్యాట్ 5ఇ గానీ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మన మెట్లకి 20 చాలు.

ముందు పాత రౌటర్‌ని ల్యాప్‌టాప్‌కి ఒక్కదానికే తగిలించి, రీసెట్ బెజ్జంలో పిన్నీసు మొన పెట్టి లైట్లు ఆరి వెలిగేదాకా నొక్కండి. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొట్టి తెరిచే సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (కింది రౌటర్ నెట్‌నే వైఫైగా పంచే పద్ధతి) కనిపిస్తే అదృష్టం, అది ఎంచుకుని వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. లేకపోతే చేత్తో చేయాలి.

కింది రౌటర్ అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. ఆ నంబరు కింది రౌటర్ ఫోన్లకు పంచే వరసలో ఉండకూడదు, ఉంటే వరసలో లేనిది చూసుకోండి. సేవ్ చేయగానే పేజీ పోతుంది, కంగారు పడకుండా కొత్త అడ్రస్ కొట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ కింద ఉన్నవే పెట్టండి. 2.4లో ఛానల్ మాత్రం వేరు: కింద 1 ఉంటే పైన 6 లేదా 11.

డీహెచ్‌సీపీ ఆపడం చివరి పని. ముందే ఆపితే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ దొరక్క మీరు బయటే నిలబడతారు. అసలు ఆపడమే మర్చిపోతే ఇంకా తమాషా. డీహెచ్‌సీపీ అంటే ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు అడ్రస్ టోకెన్లిచ్చే కౌంటరు. ఒకే లైనుకి రెండు కౌంటర్లు తెరిస్తే ఎవరు ఎక్కడ తీసుకున్నారో తెలీదు. మా ఇంట్లో నేను మర్చిపోయాను. టీవీ బాగానే ఆడుతోంది, అమ్మ ఫోన్‌లో మాత్రం సిగ్నల్ నిండుగా ఉండి నెట్ లేదు. అరగంట నెట్ వాళ్లతో ఫోన్‌లో గొడవపడ్డాను. తీరా చూస్తే తప్పు నాదే. అమ్మ ఫోన్‌కి గేట్‌వే, అంటే ఇంటర్నెట్‌కి వెళ్లే దారి, 192.168.1.2 అని వచ్చింది, ఆ దారిన పోతే ఇంటర్నెట్ లేదు.

ఇప్పుడు కేబుల్. కింది రౌటర్ ల్యాన్ పోర్టు (ఇంట్లోని పరికరాల్ని కలిపేది) నుంచి పై రౌటర్ ల్యాన్ పోర్టుకి. విడిగా, చాలావాటిలో వేరే రంగులో ఉండే వ్యాన్ పోర్టు (బయటి ఇంటర్నెట్ తీగ పెట్టేది) ఖాళీగా వదిలేయండి. అందులో పెడితే మేడ మీద వేరే నెట్‌వర్క్ తయారై, పైనున్న ఫోన్ నుంచి కింది ప్రింటర్‌ని చూడటం కష్టమవుతుంది.

పైకెళ్లి ఫోన్‌లో వైఫై వివరాలు తెరవండి. గేట్‌వే 192.168.1.1 అని ఉందా? పని అయినట్టే. వేగం 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతే కేబుల్‌ని తిట్టకండి, చాలా పాత రౌటర్ల పోర్టులే అంత. మెట్లెక్కినా ఫోన్ కింది రౌటర్‌నే పట్టుకుని వేలాడుతోందంటారా, ఆ సంగతి నాలుగో పాఠంలో చూద్దాం.