డివిజన్ త్రీ ఫుట్‌బాల్ సీజన్‌ను అనుసరించడం ఎలా?

క్రీడా స్కాలర్‌షిప్‌లు ఇవ్వని డివిజన్ త్రీ కళాశాలల అమెరికన్ ఫుట్‌బాల్‌ను కొత్తగా చూసేవారు, ఒహాయో రాష్ట్రంలోని అలయన్స్ పట్టణానికి చెందిన మౌంట్ యూనియన్ జట్టు 2017 సీజన్‌ను నమూనాగా తీసుకోవచ్చు. ముందుగా సాధారణ సీజన్‌లోని 10 మ్యాచ్‌లలో కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కొన్ని కళాశాలల బృందం) ఫలితాలను గమనించండి. చాలా కాన్ఫరెన్స్‌లలో విజేతకు ప్లేఆఫ్స్‌లో నేరుగా చోటు దక్కుతుంది. ఆపైన, ఒక్కసారి ఓడినా ఇంటిదారి పట్టవలసిన పోరు మొదలవుతుంది; 2017లో అందులో 32 జట్లు ఉండేవి.

ఆ ఏడాది వర్జీనియాలోని సేలంలో జరిగిన ఫైనల్, అంటే స్టాగ్ బౌల్‌లో, మౌంట్ యూనియన్ 12-0తో మేరీ హార్డిన్-బేలర్ జట్టును ఓడించి, 15 విజయాలతో అజేయంగా నిలిచింది. స్కోరును బట్టి ఆట చప్పగా సాగిందనుకోవద్దు. నా దృష్టిలో ఇలాంటి మ్యాచ్‌లోనే డిఫెన్స్ విలువ తెలుస్తుంది. స్నాప్ పడగానే, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టగానే, బంతి వెంట పరుగెత్తనీయకుండా చూపును లైన్ మీదే, అంటే ఎదురెదురుగా నిలిచిన ఆటగాళ్ల వరుసల మీదే నిలిపి, ఎవరు ఎవరిని వెనక్కి నెడుతున్నారో చూడండి.