టెంటులో తడి: చెమరుస్తోందా, కారుతోందా, పూత పోయిందా?

తెల్లారి లేచేసరికి స్లీపింగ్ బ్యాగు కాళ్ల వైపు తడిసిపోయి ఉంటుంది. చాలామంది వెంటనే ఒక వాటర్‌ప్రూఫ్ స్ప్రే డబ్బా కొనుక్కొచ్చి టెంటు బయటంతా కొట్టేస్తారు. తర్వాతి వానకు మళ్లీ అదే తడి, డబ్బా డబ్బులు దండగ. ఆ స్ప్రే బయటివైపు నీటిబొట్లు జారిపోవడానికి మాత్రమే. నీటిని నిజంగా ఆపేది గుడ్డ లోపలివైపున్న పూత. ఈ రెండూ వేరువేరని తెలియనంత కాలం పాత టెంటు పారేయాలో ఉంచుకోవాలో, కొత్తది కొనాలో వద్దో తేల్చుకోలేరు.

టెంటు వేయడం, తాళ్లు బిగించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నది ఇది.

వాన పడకపోయినా లోపల తడి

ఇది కారడం కాదు, చెమర్చడం. ఒక మనిషి ఊపిరి, చెమట కలిసి రాత్రికి సుమారు పావు లీటరు నీరు ఆవిరిగా బయటికొస్తుంది. ఇద్దరుంటే అర లీటరు. చల్లబడిన పై గుడ్డకు, అంటే ఫ్లైకి, ఆ ఆవిరి తగిలి మళ్లీ నీరవుతుంది. ఎంత ఖరీదైన టెంటయినా చేసేదేమీ లేదు.

తడి ఎలా ఉందో చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఫ్లై లోపలివైపు అంతటా సన్నటి బొట్లు సమానంగా పట్టి ఉంటే చెమ్మ. ఒక కుట్టు వెంబడి గీతలా, ఒక మూలలో మడుగులా ఉంటే కారడం. ఇంకా అనుమానముంటే ఎండగా ఉన్న రోజున ఖాళీ టెంటు వేసి, పైపుతో వానలా పావుగంట నీళ్లు కొట్టించండి. ఒకరు లోపల టార్చితో కుట్లు చూస్తూ కూర్చోవాలి. పావుగంటలో ఊపిరి చెమ్మ చుక్కలు కట్టేంత పట్టదు కాబట్టి, కనబడిన చుక్క బయటి నుంచి వచ్చిందే.

చెమ్మే అని తేలితే పైన, కింద ఉన్న గాలి కిటికీలు రెండూ తెరవండి. ఒక్కటి తెరిస్తే గాలి ఆడదు. తడి బట్టలు లోపల పెట్టుకోవద్దు. వాన పడుతోందని లోపల స్టవ్ వెలిగించకండి. ఆవిరి సంగతి అలా ఉంచి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

ఇంకొకటుంది. నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది. సాయంత్రం డప్పులా బిగించిన ఫ్లై వానలో వదులై లోపలి గదికి అంటుకుంటుంది, అంటుకున్న చోటల్లా చెమ్మ లోపలికి దిగుతుంది. వాన మొదలైన అరగంటకు తాళ్లు మరోసారి బిగిస్తే చాలు. పాలిస్టర్ ఫ్లైకి ఈ బాధ తక్కువ.

వాన మొదలైన కాసేపటికే కింద నీళ్లు

ఫ్లోర్ చిరిగిందని అనుకునే ముందు టెంటు కింద పరిచిన పట్టా అంచు చూడండి. అది ఫ్లోర్ కంటే ఒక్క అంగుళం బయటికి వచ్చినా, ఫ్లై మీద నుంచి జారిన నీరంతా దాని మీద పడి సరిగ్గా మీ నడుము కిందికి చేరుతుంది. పట్టా ఫ్లోర్ కంటే అన్ని వైపులా 5 సెంటీమీటర్లు చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే అంచులు కిందికి మడవండి. ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేసే పరీక్ష ఇదే.

కొత్త టెంటు, మొదటి వానకే కుట్ల దగ్గర చుక్కలు

నాసిరకం అని తిరిగి పంపేముందు గుడ్డ ఏమిటో చూడండి. రెండువైపులా సబ్బు రాసినట్టు జారుతుంటే అది సిలికాన్ పూత. కుట్టు రంధ్రాలు మూసేందుకు లోపల అంటించే కుట్టు టేపు సిలికాన్‌కు అంటదు. అందుకే అలాంటి టెంట్లలో చాలావాటికి కుట్లు మూయకుండానే అమ్ముతారు, మూసుకోవాల్సింది కొన్నవాళ్లే. సిలికాన్ గుడ్డకు సిలికాన్ సీలరే పట్టుకుంటుంది. లోపలివైపు మసకగా, కాస్త బిగువుగా తగిలేది పాలియూరిథేన్ పూత, దానికి పాలియూరిథేన్ సీలర్ వాడాలి. తారుమారు చేస్తే పొరగా ఊడొస్తుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కుట్టు తుడిచి, పలచగా పూసి, ఒక రోజంతా ఆరనివ్వండి. ఆరాక కాస్త టాల్కం పౌడర్ రాస్తే మడతలు ఒకదానికొకటి అంటుకోవు.

నూలు కాన్వాస్ టెంటుదైతే అసలు లోపమే కాదు. ముందు రెండు మూడుసార్లు పూర్తిగా తడిపి పూర్తిగా ఆరబెట్టాలి. దారం ఉబ్బి సూది రంధ్రాలు మూసుకుంటాయి.

కొత్త టెంటు మీద 1500 మి.మీ., 3000 మి.మీ. అని అంకెలుంటాయి. అంత ఎత్తు నీటి స్తంభాన్ని కొత్త గుడ్డ ఆపగలదని వాటి అర్థం. ఫ్లైకి 1500 ఉంటే మామూలు వానకు సరిపోతుంది. ఫ్లోర్‌కు 3000 పైన ఉండాలి, ఎందుకంటే తడినేల మీద మోకాలు ఆనిస్తే పడే ఒత్తిడి వానచినుకు ఒత్తిడికి ఎన్నో రెట్లు. అయితే ఆ పూత ఎన్నేళ్లు బతుకుతుందో ఈ అంకె చెప్పదు. అసలు తంటా అక్కడే ఉంది.

చూడ్డానికి బాగానే ఉంది, అయినా అన్నిచోట్లా నీరు ఊరుతోంది

ఇది పైన పటారం, లోన లొటారం వ్యవహారం. పాత టెంటు కొన్నవాళ్లూ, ఏళ్ల తరబడి దాచుకున్నవాళ్లూ బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే.

పాలియూరిథేన్ పూతల్లో రెండు జాతులున్నాయి. ఎక్కువగా వాడేది పాలిఎస్టర్ రకం (ఇది పూత రకం, పైన చెప్పిన పాలిస్టర్ గుడ్డ కాదు). దీని అణువుల గొలుసుల్లోని ఎస్టర్ బంధాలను నీటి అణువులు మెల్లమెల్లగా తెంచేస్తాయి. తెగినచోట ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మిగతా బంధాలు తెగడాన్ని ఇంకా వేగం చేస్తుంది. అందుకే ఏళ్లపాటు ఏమీ కనబడదు, మొదలయ్యాక మాత్రం ఆగదు. రెండోది పాలిఈథర్ రకం, చెమ్మను చాలాకాలం తట్టుకుంటుంది. కొత్తది కొనేటప్పుడు వివరాల్లో పాలిఈథర్ అని ఉంటే ఒక మెట్టు పైన ఉన్నట్టే. సిలికాన్‌కు ఈ జబ్బు లేదు.

దీనివల్ల తేలేదేమిటంటే, పూతను చంపేది వాడకం కాదు, దాచిన తీరు. ఏటా పది రాత్రులు వాడి, ప్రతిసారీ ఎండబెట్టి వదులుగా దాచిన పదిహేనేళ్ల టెంటు గట్టిగా ఉండొచ్చు. ఒక్కసారి తడిగా చుట్టి సంచిలో కుక్కి, వేడి గదిలో పడేసిన నాలుగేళ్ల టెంటు చచ్చి ఉండొచ్చు. "సీలు తీయలేదు, ఒక్కసారి కూడా వాడలేదు" అన్న మాట ఇక్కడ భరోసా కాదు. పెట్టెలో ఉన్నా వయసు పెరుగుతూనే ఉంటుంది. లోపల కుట్టిన లేబుల్ మీద తయారీ తేదీ ఉంటే ముందు అది చూడండి.

ఇది కంటికి ఎందుకు దొరకదంటే, బయటివైపు నీటిబొట్లను జార్చే పొర వేరే పదార్థం. లోపలి పూత కుళ్లినా బయట బొట్లు ముత్యాల్లా జారుతూనే ఉంటాయి. నీళ్లు చల్లి చూపించి అమ్మేది దాన్నే. జిగురుగా ఉన్న పూత మీద టాల్కం పౌడర్ జల్లితే జిగురు కొన్నాళ్లు తెలియదు. ఒక పూట ఎండలో వేస్తే వాసనా తగ్గుతుంది.

కాబట్టి చూపును నమ్మకండి, ముక్కును, బొటనవేలిని నమ్మండి.

ముందు సంచి విప్పిన వెంటనే, గాలి తగలకముందే, ముక్కు లోపల పెట్టి వాసన చూడండి. బూజు వాసన మట్టి వాసనలా ఉంటుంది. పూత కుళ్లిన వాసన పుల్లగా, వాంతి చేసుకున్న చోటులా ఉంటుంది. ఒకసారి పట్టుకుంటే మరిచిపోరు.

తర్వాత ఫ్లోర్ మూలలు. తడి ఎక్కువసేపు నిలిచేది అక్కడే కాబట్టి కుళ్లు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. లోపలివైపును లోపలివైపుకే మడిచి, బొటనవేలితో గట్టిగా పది సెకన్లు నొక్కి, మెల్లగా విప్పండి. మంచి పూత చప్పుడు లేకుండా విడిపోతుంది. చెడినది చిటచిటమంటూ, టేపు ఊడదీసినట్టు విడుతుంది. తెల్లటి పౌడర్ కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, ఆరాక మళ్లీ నొక్కండి.

మూడోది, నల్లటి గుడ్డ చుట్టిన వేలితో గట్టిగా రుద్దండి. పొలుసులు రాలితే పూత చివరి దశలో ఉంది. కుట్టు టేపు కొస గోటితో లేపండి. టేపుతోపాటు పూత కూడా పొరలా వచ్చేస్తే టేపు తప్పు కాదు, దాని కింద నేలే కదిలింది. ఇలాంటి టెంటుకు కొత్త టేపు ఇస్త్రీ చేయడం వృథా.

నాలుగోది, గుడ్డను పెదాలకు గట్టిగా ఆనించి ఊదండి. పూత ఉన్న గుడ్డలోంచి గాలి పోకూడదు. పొడిగా రాలిపోయి జిగురు కూడా మిగలని టెంట్లు ఇక్కడ పట్టుబడతాయి. గుడ్డను దోసిలిలా చేసి నీళ్లు పోసి చూసే పద్ధతికి ఒక హద్దుంది. అందులో నిలిచేది 10 సెంటీమీటర్ల నీరు, అంటే 100 మి.మీ. మాత్రమే. కారితే చెడిందని ఖాయం, కారకపోతే మంచిదని ఖాయం కాదు.

ఇక బాగుచేయడం. సంచి ఒక్కటే జిగురుగా ఉంటే సంచి పారేయండి, టెంటు బతుకుతుంది. ఫ్లోర్ మాత్రమే చెడి, ఫ్లై గట్టిగా ఉంటే పని పెట్టుకోవచ్చు. గోరువెచ్చటి సబ్బునీటిలో కొన్ని గంటలు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో లోపలివైపు తోమండి. వదలని జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో, గాలి ఆడే చోట తుడవండి. గట్టిగా పట్టుకుని ఉన్నదాన్ని పీకకండి, రావాల్సింది అదే వస్తుంది. పూర్తిగా ఆరాక బ్రష్‌తో పూసే పాలియూరిథేన్ ఫ్యాబ్రిక్ సీలర్‌ను పలచగా ఒక పూత వేసి, 24 గంటలు ఆరనివ్వండి. పాత జిగురు మీదే కొత్త పూత వేస్తే రెండూ కలిసి ఊడుతాయి. వాషింగ్ మెషీన్ జోలికి పోవద్దు. అది మిగిలిన మంచి పూతను, టేపును కూడా తినేస్తుంది.

ఫ్లై మొత్తం జిగురై టేపులు వేలాడుతుంటే ఆశ వదులుకోండి. ఆ మోడల్‌కు ఫ్లై విడిగా దొరికితే అది కొనండి, లేకపోతే పోల్స్, మేకులు, లోపలి గది స్పేర్లుగా ఉంచుకోండి. అలాంటి టెంటును ఎవరైనా సగం ధరకిస్తామన్నా అది చవక కాదు.

ట్రెక్కింగ్ బూట్ల అడుగులు నడకలో ఉన్నట్టుండి ఊడిపోయేదీ తరచూ ఈ జబ్బుతోనే. మధ్య పొర పాలియూరిథేన్ అయితే వాడకుండా ఏళ్లు దాచినా బిస్కెట్‌లా పొడైపోతుంది. పాత బూట్లు కొనేముందు ఆ పొరలో గోరు దించి, బూటును సగానికి వంచి చూడండి. పగుళ్లు వస్తే కొనకండి. మధ్య పొర ఈవీఏ అనే మరో రకం ఫోమ్ అయితే ఈ జబ్బు రాదు, అది అణిగిపోతుంది అంతే.

చిన్నగా లాగితే గుడ్డ చిరుగుతోంది

ఎండ దెబ్బ. తాడు కట్టే చోట కుట్టిన బిళ్ల కింద దాగిన గుడ్డ రంగును టెంటు నడినెత్తి రంగుతో పోల్చండి. తేడా ఎక్కువుంటే నడినెత్తి దగ్గర రెండు చేతులతో పట్టి గట్టిగా లాగండి. కాగితంలా చిరిగితే బాగుచేసేది లేదు. అమ్మేవాళ్లు లాగనివ్వకపోతే కొనకండి.

జిప్ మూస్తే వెనకాల విచ్చుకుంటోంది

పళ్లు బాగానే ఉంటాయి, అరిగింది స్లైడర్. ఇసుకే ఆకురాయిలా అరగదీస్తుంది. స్లైడర్ రెండు వెనక అంచులను పటకారుతో ఒక్కో వైపు కొద్దికొద్దిగా నొక్కి, ప్రతిసారీ లాగి చూడండి. ఒక్కసారే గట్టిగా నొక్కితే విరుగుతుంది. ఇది కొన్నాళ్ల ఉపశమనం. సరైన పని స్లైడర్ మార్చడం, దాని వెనక ఉండే 5, 8, 10 లాంటి అంకె చూసి అదే సైజు తెచ్చుకోండి.

పోల్స్

లోపలి ఎలాస్టిక్ తాడు సాగిపోతే మార్చుకోవడం అరగంట పని, దానికోసం టెంటు వదులుకోనక్కర్లేదు. ఫైబర్‌గ్లాస్ పోల్‌లో నిలువు పగులు, తెల్లటి పీచు కనిపిస్తే ఆ ముక్క మార్చేయాల్సిందే, చేతికి గుచ్చుకుంటే తీయడం కష్టం. అల్యూమినియం పోల్ కొద్దిగా వంగి ఉంటే అలాగే వాడండి, సరిచేయబోతే ఆ చోటే విరుగుతుంది.

ఎలుక కొరికిన రంధ్రం, నిప్పురవ్వ పడిన చుక్క లాంటివి అరుదు. చీకట్లో లోపల టార్చి వేస్తే బయటికి కనబడతాయి. గుండ్రంగా కత్తిరించిన రిపేరు టేపు ముక్క రెండువైపులా వేయండి. మూలలు ఉంచి చతురస్రంగా కత్తిరిస్తే మూల నుంచే లేస్తుంది.