సాఫ్ట్‌వేర్ వాలంటీరుతో పని: సంఘం చేసుకోవాల్సిన ఏర్పాట్లు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చిన్న సంఘాలకు కంప్యూటర్ సాయం చేసేవాళ్లు చాలావరకు ఇక్కడి పిల్లలే. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో రెండు మూడు గంటలు ఇస్తామంటారు. పని వచ్చినవాళ్లే. మరి పని ఎక్కడ ఆగిపోతుంది? శనివారం రాత్రి గ్రూపులో పెట్టిన ప్రశ్నకు మంగళవారం దాకా ఎవరూ బదులివ్వరు. ఈలోపు వాళ్లు ఆఫీసు పనిలో పడిపోతారు. ఇలా మూడు వారాలు గడిస్తే మాటామంతీ లేకుండా జారుకుంటారు.

అందుకే వాలంటీరును వెతికే ముందు సంఘంలో జవాబు చెప్పే మనిషిని ఒకరిని పెట్టుకోండి. అధ్యక్షుడు కాకుంటేనే మేలు. రోజూ రిజిస్టర్ రాసేవాళ్లో, ఊళ్లు తిరిగే కార్యకర్తో అయితే బాగుంటుంది. శనివారం సాయంత్రం ఒక గంట ఫోను ఎత్తాలి. చిన్న చిన్న విషయాలు కమిటీని అడగకుండా తేల్చే అధికారం వాళ్లకు ఇవ్వాలి.

తర్వాత పని చీటీ. 'మాకో యాప్ కావాలి' అంటే అది పని చెప్పినట్టు కాదు. మర్రిగూడ మండలంలో బోరు నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్షలు చేయించే సంఘం ఉందనుకుందాం. చీటీ ఇలా రాయాలి: 'నాలుగు రిజిస్టర్లలో 600 పరీక్షల ఫలితాలున్నాయి. ఊరు, బోరు నంబరు, నీళ్లు పట్టిన తేదీ, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు: ఈ నాలుగు గళ్లతో ఒక షీట్ కావాలి. 1.5 దాటినవి ఎర్రగా కనబడాలి. వాడేది ఇద్దరు, ఆండ్రాయిడ్ ఫోన్లలో. గడువు నాలుగు ఆదివారాలు.' మన తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడ్ హద్దు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఈ సంగతి వాలంటీరుకు తెలియాలని లేదు, సంఘమే చెప్పాలి.

చీటీతోపాటు రిజిస్టర్‌లో ఒక పేజీ ఫోటో తీసి పంపండి. అసలు చిక్కు అందులోనే బయటపడుతుంది. ఒక వరుసలో 'శివన్నగూడ', కింద 'శివన్నగూడెం', ఇంకా కింద విడదీసి 'శివన్న గూడ'. కంప్యూటర్‌కు ఇవి మూడు ఊళ్లు. పేరు టైపు చేయకుండా జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టించండి. పక్కనే 2011 జనగణనలో ఇచ్చిన ఆరంకెల గ్రామ కోడ్ ఉంటే ఒకే పేరున్న రెండు ఊళ్లు కూడా కలిసిపోవు.

డీటీపీలో అను ఫాంట్లతో కొట్టించిన పాత జాబితాలుంటే ముందే చెప్పండి. యూనికోడ్‌లోకి (ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే తెలుగు అక్షరాల పద్ధతిలోకి) మార్చనిదే వాటిలో పేరు వెతకలేం. మార్చినప్పుడు కొన్ని ఒత్తులు చెడతాయి, ఒకరు కూర్చుని సరిచూడాలి. దానికి తెలుగు బాగా వచ్చిన డిగ్రీ విద్యార్థి చాలు, వాలంటీరు ఆదివారాలు తినేయకండి.

అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల్లో (చెంచుల చిన్న ఊళ్లలో) సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేం. నెట్ లేకున్నా ఫారం నింపి, సిగ్నల్ దొరికాక పంపే కోబో, ఓడీకే లాంటి యాప్‌లు తయారుగా ఉన్నాయి. కొత్తగా యాప్ రాస్తానని వాలంటీరు ఉత్సాహపడితే అక్కడే ఆపండి, రాసినవాళ్లు వెళ్లిపోతే దాన్ని బాగుచేసే దిక్కుండదు. పాలమూరు వలస కుటుంబాల జాబితాకైతే ఓటీపీ లాగిన్ అసలొద్దు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ముంబైకో పుణెకో పోతే ఓటీపీ కూడా అక్కడికే పోతుంది. ఇంటికో గుర్తింపు నంబరు సంఘమే వేసుకోవడం నయం.

ఎక్కువగా దెబ్బతినేది ఖాతాల దగ్గర. వెబ్‌సైట్ పేరు వాలంటీరు సొంత కార్డుతో కొంటారు, మెయిల్‌కు ఆయన నంబరే ఇస్తారు. ఆయన అమెరికా వెళ్లాక ఓటీపీ కోసం అర్ధరాత్రి ఫోన్లు. మొదటి రోజే సంఘం పేరున మెయిల్ తెరిచి, సంఘం సిమ్ నంబరు ఇవ్వండి. ఆ సిమ్‌ను వాడుతుండాలి, 90 రోజులు ఏ వాడకమూ లేకుంటే నంబరు పోవచ్చు. రెండేళ్లు తెరవని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. రెండంచెల భద్రత (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టినప్పుడు గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను ప్రింట్ తీసి, క్యాష్‌బుక్‌తోపాటు బీరువాలో ఉంచండి. వెబ్‌సైట్ పేరుకు మళ్లీ డబ్బు కట్టాల్సిన తేదీ క్యాష్‌బుక్ మొదటి పేజీలోనే రాయండి, కోశాధికారి కంట పడుతుంది.

జనం వివరాలు మాత్రం జాగ్రత్త. ఆధార్ కాపీలు వాట్సాప్‌లో పంపొద్దు. షీట్ తయారయ్యేదాకా ఉత్తుత్తి పేర్లతో 20 వరుసలు ఇస్తే వాలంటీరు పని నడుస్తుంది.

అప్పగింతకు దసరా సెలవులు అనుకూలం, ఎలాగూ బతుకమ్మకు ఊరికొస్తారు. ఆ రోజు రిజిస్టర్ రాసే మనిషిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నాలుగు పనులు చేయించండి: పాస్‌వర్డ్ మార్చడం, కొత్త ఊరు చేర్చడం, ఒక తప్పు దిద్దడం, మొత్తం షీట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం. వాలంటీరు పక్కనే ఉంటారు కానీ మౌస్ ముట్టుకోకూడదు. 'ఇటివ్వండి, నేను చేస్తా' అని చెయ్యి చాచిన చోటల్లా ఒక టిక్కు పెట్టుకోండి. టిక్కు పడిన పనులు ఎలా చేయాలో కాగితం మీద తెలుగులో రాయించాకే వాళ్లను బస్సెక్కనివ్వండి.