బఠాణీలో నేల తెగుళ్ల నివారణ – మూడవ పాఠం: గత్తంలో ట్రైకోడెర్మాను పెంచడం

గత పాఠంలో జబ్బుపడిన మొక్కను వేళ్లతో సహా తవ్వి తీసి, మొదలును నిలువునా చీల్చి చూడడం నేర్చుకున్నాము. లోపలి నాళాలు ఇటుక రంగుకు తిరిగి ఉంటే అది ఫ్యుజేరియం ఎండు తెగులు. గింజ అంటుకొని ఉన్న చోట మొదలై వేరు పైపొర ఎర్రబారి నల్లబడితే వేరుకుళ్లు. వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగినప్పుడు మెత్తబడిన తేనెరంగు పైతొక్క ఊడివచ్చి, లోపల దారం వంటి నార మాత్రమే మిగిలితే అది అఫానోమైసెస్ అనే సూక్ష్మజీవి తెచ్చే కుళ్లు. ఈ తేడాను మళ్లీ గుర్తు చేయడానికి కారణం ఉంది. నేడు నేర్చుకోబోయే ట్రైకోడెర్మా మొదటి రెండింటి మీద బాగా పనిచేస్తుంది కాని, అసలైన శిలీంధ్రం కానటువంటి అఫానోమైసెస్ మీద దాన్ని నమ్ముకోకూడదు. అక్కడ మురుగు నీరు పోయే దారి, ఏళ్ల తరబడి పంట మార్పిడి మాత్రమే దిక్కు.

ట్రైకోడెర్మా కూడా ఒక శిలీంధ్రమే. అది శత్రు శిలీంధ్రపు పోగులను చుట్టుకొని, వాటి గోడలను కరిగించే ఎంజైములను విడుదల చేసి తన ఆహారంగా మార్చుకుంటుంది. వేరు చుట్టూ ఉన్న చోటును, పోషకాలను ముందుగానే ఆక్రమిస్తుంది. ప్రాణమున్నది కనుక దానికి తిండి, తేమ, నీడ, కొంత గడువు కావాలి. పొట్లంలోని పొడిని నేరుగా పొలంలో చల్లితే, ముఖ్యంగా వానలకు పైమట్టి కొట్టుకుపోయి సేంద్రియ పదార్థం తగ్గిన అరకు, పాడేరు వైపు ఎర్రనేలల్లో, తినడానికేమీ దొరకక చాలా భాగం నశిస్తుంది. మందు పనిచేయలేదని రైతులు చెప్పే సందర్భాల్లో చాలావరకు జరిగేది ఇదేనని నా అభిప్రాయం. అందువల్ల ముందుగా గత్తంలో, అంటే పశువుల పేడ ఎరువులో పెంచి, ఆ తరువాతే పొలానికి చేర్చాలి.

ఎకరానికి బాగా చివికిన పశువుల గత్తం 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా విరిడి పొడి 2 కిలోలు తీసుకోవాలి. విశాఖ నగరంలో మేడ మీద కుండీల్లో సాధన చేసేవారికి 9 కిలోల గత్తం, కిలో వేపపిండి, 200 గ్రాముల పొడి సరిపోతాయి. పొట్లం కొనేటప్పుడు గడువు తేదీని, గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉన్నట్లు రాసి ఉన్నదో లేదో తప్పక చూడండి. గత్తం పచ్చిదైతే కుప్ప వేడెక్కి, మనం పెంచదలచినదే చనిపోతుంది. చేయి లోపలికి పెడితే చల్లగా తగలాలి, పేడ వాసన రాకూడదు.

మూడింటినీ నీడలో కలిపి, నీరు చిలకరిస్తూ తిరగేయాలి. తేమ ఎంత ఉండాలన్నదే ఈ పాఠంలో అసలు మెలకువ. పిడికెడు తీసి గట్టిగా పిసికినప్పుడు వేళ్ల సందుల నుంచి నీరు కారకూడదు. పిడికిలి విప్పితే ముద్ద నిలవాలి. బొటనవేలితో తాకితే విడిపోవాలి. తరువాత కుప్ప చేసి తడి గోనెసంచులు కప్పండి. బఠాణీ విత్తే ముందు వచ్చే అక్టోబరు మన తీరానికి తుఫానుల నెల కనుక, చెట్టు నీడను నమ్మక పాక కిందనే పెట్టడం మేలు. మూడు నాలుగు రోజులకొకసారి తిరగేసి, ఆరితే నీరు చిలకరించాలి. మొదట తెల్లని సన్నని పోగులు, ఆపైన ఆకుపచ్చని పొడి వంటి పూత కనిపిస్తాయి. వారం నుంచి పది రోజుల్లో కుప్ప సిద్ధమవుతుంది. మన్యం చలిలో ఇంకొన్ని రోజులు పట్టవచ్చు. కుళ్లు వాసన వస్తే నీరు ఎక్కువైనట్లే, పలుచగా పరచి ఆరనివ్వండి.

తయారైన ఎరువును సాయంత్రం పూట, పదును ఉన్న నేలలో, విత్తే సాళ్లలో వేసి వెంటనే మట్టి కప్పాలి. ఎండ తగిలితే శ్రమ వృథా.

విత్తనానికి కూడా రక్షణ కావాలి. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి పట్టించి నీడలో ఆరబెట్టి, విత్తే ముందు చల్లార్చిన బెల్లం నీటితో రైజోబియం (వేరు బుడిపెల్లో నత్రజనిని నిలిపే బాక్టీరియా) పట్టించండి. ఈ వరుస తప్పకూడదు. రసాయనం పట్టించి రంగు వేసిన విత్తనాన్ని ఇందుకు కొనవద్దు. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు తగిలిన చోట ట్రైకోడెర్మా బతకదు. రాగి మందులూ దానికి హాని చేయవచ్చు.

ఈసారి అభ్యాసం: చిన్న కొలతలతో రెండు కుప్పలు వేయండి. ఒకదానిలో పిడికిలి పరీక్షకు సరిపడా తేమ ఉంచి, రెండవదానిలో కావాలనే నీరు ఎక్కువ పోయండి. ప్రతిరోజూ రంగును, వాసనను, లోపలి వేడిని పుస్తకంలో రాసుకోండి. పొలం ఉన్నవారు వాన వెలిసిన మరునాడు నీరు ఎక్కడెక్కడ నిలిచి ఉన్నదో ఒక పటం గీసి పెట్టుకోండి. ఎత్తు మడులు, బఠాణీ తరువాత చోడి (రాగి), సామల సాగు గురించి చెప్పుకొనే నాలుగవ పాఠానికి ఆ పటం అవసరమవుతుంది.