1755లో వెళ్లగొట్టబడిన అకాడియన్ పూర్వీకుని జాడ తీయడం

బ్రిటిష్ అధికారులు 1755లో నోవా స్కోషియా (నేటి కెనడా తూర్పు తీరం) నుంచి అక్కడ స్థిరపడిన ఫ్రెంచి వలసదారుల సంతతి అయిన అకాడియన్లను ఓడలెక్కించి పంపివేసినప్పుడు కుటుంబాలతోపాటు చర్చి పుస్తకాలు కూడా చెదిరిపోయాయి. అందువల్ల రుజువున్న మనిషితో మొదలుపెట్టి ఒక్కొక్క తరమే వెనక్కి నడవాలి. ఇంటిపేరు కలిసిందని నేరుగా 1755కు గెంతితే, జోసెఫ్, మరీ అన్న పేర్లే ఇంటింటా వినిపించే ఆ సమాజంలో పరాయి వంశంలో తేలడం ఖాయం.

ముందుగా ఆ కుటుంబం ఏ తీరానికి చేరిందో తేల్చుకోవాలి. కొందరిని మసాచుసెట్స్ నుంచి జార్జియా వరకు ఉన్న కాలనీలకు పంచారు. వర్జీనియా కాదన్నవారిని ఇంగ్లండుకు తరలించగా, వారు 1763లో ఫ్రాన్సు చేరారు. 1785లో ఏడు ఓడల్లో దాదాపు 1,600 మంది ఫ్రాన్సు నుంచి లూసియానాకు వెళ్లారు గనుక, లూసియానా పూర్వీకుని పెళ్లి నమోదు నాంత్ వంటి ఫ్రెంచి రేవు పట్టణంలో దొరకవచ్చు. ఫ్రాన్సు తీరంలోని బెల్ ఈల్ దీవిలో స్థిరపడినవారు 1767లో ప్రమాణం చేసి చెప్పిన వంశావళులు ఒక పెన్నిధి.

ఇంగ్లీషు గుమాస్తాలు పేర్లను తమకు వినబడినట్టు రాశారు, ఒక్కోసారి అనువదించారు కూడా. లెబ్లాన్ 'వైట్' అయిన సందర్భాలున్నాయి. కాబట్టి భర్త పేరు కంటే భార్య పుట్టింటి పేరునే పట్టుకోవడం మేలు, ఎందుకంటే ఫ్రెంచి చర్చి నమోదులు స్త్రీని ఆ పేరుతోనే రాశాయి.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన ఆధారం పెళ్లి నమోదులోని మినహాయింపు వాక్యం. దగ్గరి చుట్టాలు పెళ్లాడాలంటే చర్చి అనుమతి కావాలి. అందులో 'మూడో మెట్టు' అని ఉంటే వధూవరులకు ముత్తాత ముత్తవ్వల జంట ఒకటేనని, 'నాలుగో మెట్టు' అంటే ఆ పై తరంలో కలుస్తారని అర్థం. తల్లిదండ్రుల పేర్లు లేనిచోట కూడా ఈ లెక్కను తెలిసిన వంశాలతో సరిచూసి, కాని కొమ్మలను ఒక్కొక్కటిగా తీసివేయవచ్చు.

ఆ తర్వాతే 1755కు ముందరి పుస్తకాలు తెరవాలి. అకాడియన్ల ఊళ్లలో ఒకటైన పోర్ట్ రాయల్ నమోదులు (1702–1755) నోవా స్కోషియా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మరో ఊరైన గ్రాన్ ప్రే నమోదులను (1707–1748) మాత్రం ప్రవాసులు తమవెంట మోసుకుపోయారు. అవి నేడు లూసియానాలోని బాటన్ రూజ్ డయోసిస్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1748 తర్వాతి ఖాళీకి అక్కడి జనాన్ని పంపివేసిన బ్రిటిష్ పక్షపు సైనికాధికారి జాన్ విన్‌స్లో తన దినచర్యలో రాసుకున్న గ్రాన్ ప్రే పురుషుల జాబితా కొంత ఆసరా. అయితే అందులో పిల్లలు పేర్లుగా కాక, పశువుల పక్కన అంకెలుగానే కనిపిస్తారు.